బేరమాడి తెచ్చుకున్న వారం

మా సర్వర్‌కు నోరు లేదు గానీ, ఫిర్యాదు చేయడంలో మా ఊరి బజారు గిరాకీలను మించిపోయింది. పొద్దున్నే దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో మెట్రో దిగి, ఆఫీసు చేరి, టీ కప్పు పక్కన పెట్టుకుని లాగ్ తెరిస్తే చాలు, ఎర్ర గుర్తులు ఒకదాని కింద ఒకటి వరుస కట్టి ఉండేవి. లాగ్ అంటే యంత్రం తనకు జరిగిన మంచీ చెడూ తానే రాసుకునే చిట్టా. మామూలుగా అందులో ఎవరికీ పట్టని సంగతులుంటాయి. మా దాంట్లో మాత్రం ఒకటే పాట: పనితీరు కొలతలు చదవలేకపోయాను. కాసేపటికి మళ్ళీ, పనితీరు కొలతలు చదవలేకపోయాను. టీ చల్లారేలోపు మళ్ళీ. చదవలేకపోతే మానెయ్యరాదా అని ఎన్నోసార్లు విసుక్కున్నాను. యంత్రానికి ఆ తెలివి ఉండదు. నాకు మాత్రం ఉందా? అదే కుర్చీలో కూర్చుని అవే గుర్తులను నెలల తరబడి నేనూ చదువుతూనే ఉన్నాను.

మాది భవనాల బాగోగులు చూసే కంపెనీ. ఖతర్ పడమటి ఒడ్డున దుఖాన్ అనే ఊళ్ళో ఒక పెద్ద క్లయింటుకు చెందిన సిబ్బంది ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళలో ఏసీ ఆగినా, నీళ్ళు రాకపోయినా ఫిర్యాదు వచ్చి పడేది ఈ సర్వర్‌లోనే. సర్వర్ దుఖాన్‌లో ఉంటుంది, మేము దోహాలో ఉంటాం. దాని ఒంట్లో ఎలా ఉందో చూడడానికి ఇంకో చిన్న ప్రోగ్రాం ఉంది. మెమరీ ఎంత వాడింది, డిస్క్ ఎంత నిండింది, ఎంత రొప్పుతోంది అని అది ఎప్పటికప్పుడు కొలిచి, ఆ కొలతలను క్లయింటు ఇంజనీరు తెర మీదికి పంపాలి. కొలతలు చదవలేకపోతే ఆ తెర మీద మా సర్వర్ ఉండే గడి ఖాళీ అవుతుంది. గడి ఖాళీ అయితే ఆయన మా మేనేజర్‌కు ఫోన్ చేస్తాడు. మేనేజర్ మాకు చేస్తాడు. మేము ఎవరికి చెయ్యాలి? మా కింద ఎవరూ లేరు.

మేము అంటే నేనూ, భాయ్. అంతే. భాయ్ హైదరాబాద్ మనిషి. ఇంట్లో దక్ఖినీ, నాతో తెలుగు, మేనేజర్‌తో ఇంగ్లీషు, సర్వర్‌తో మూడూ కలిపి మాట్లాడతాడు. నన్ను సేఠ్ అంటాడు. అది గౌరవం కాదు. కొత్తలో ఒకసారి సూక్‌లో, అంటే ఇక్కడి పాత బజారులో, రైస్ కుక్కర్ కోసం నేను బేరమాడడం చూశాడు. దుకాణదారు చెప్పిన ధర వినగానే ముఖం చిట్లించడం, వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేయడం, పక్కనున్న వేరే సామాను ఎత్తి చూడడం, చివరికి ఏదో దయ తలచినట్టు వెనక్కి రావడం, అన్నీ చేశాను. ఊళ్ళో మా ఇంటి వరుసలో అన్నీ కొట్లే. కిరాణా, బట్టలు, ఇనుప సామాను. నడక రాకముందే మాకు ఆ నాలుగడుగులు వచ్చేస్తాయి. దుకాణదారు చేతులెత్తేసి, సగం ధరకే ఇచ్చి, దండం పెట్టి పంపించాడు. గదికి తెచ్చి చూస్తే మూత వేరే కుక్కర్‌ది. పైన పెడితే జారి పక్కకు పోయేది. "వాహ్ సేఠ్, మూత లేకుంట అన్నం వండే హునర్ గూడ ఉందా నీకు?" అన్నాడు భాయ్. ఆ రోజు నుంచి నేను సేఠ్‌నే.

అతని భార్యకు నెలలు నిండుతున్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఇది రెండోసారి. మొదటిది నిలవలేదు. ఆ కబురు అతనికి ఇక్కడే, మా ఆఫీసు మెట్ల మీద ఫోన్‌లో తెలిసింది. ఫోన్ పెట్టేసి వచ్చి, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే తీసి, మళ్ళీ సీట్లో కూర్చున్నాడు. సాయంత్రం దాకా నాకు ఏమీ చెప్పలేదు. అందుకే ఈసారి ఏమైనా సరే అక్కడ ఉండాలని పట్టుబట్టాడు. సెలవు అర్జీ ముందే పెట్టాడు. దాని మీద మేనేజర్ సంతకం కావాలి. సంతకానికీ భాయ్‌కీ మధ్య ఈ ఎర్ర గుర్తులు అడ్డం పడ్డాయి. సర్వర్ ఇలా ఉండగా ఉన్న ఇద్దరిలో ఒకణ్ణి పంపితే క్లయింటుకు ఏం జవాబు చెప్పాలన్నది మేనేజర్ బాధ.

మేనేజర్ మలయాళీ. చెడ్డవాడు కాదు. పైనుంచి ఆయన్ను ఎంత నొక్కితే మమ్మల్ని అంత నొక్కుతాడు, ఇంకాస్త కలపడు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇద్దరినీ పిలిచాడు. ఆదివారమంటే ఇక్కడ వారానికి మొదటి పనిదినం. ఆ పొద్దున్నే ఎర్ర గుర్తులు మళ్ళీ మొదలయ్యాయి. ఆయన మాట్లాడేది హిందీ, ఇంగ్లీషు, నడుమ రెండు అరబ్బీ మాటలు. నాకు గుర్తున్నది తెలుగులో రాస్తున్నాను.

"చూడండి, నాకు కారణాలు వద్దు. కారణాలు వినీ వినీ చాలైంది. రేపటి నుంచి శనివారం దాకా ఈ లాగ్‌లో ఎర్ర గుర్తు లేకుండా చూపించండి. అది క్లయింటుకు పంపేస్తా. ఆ వెంటనే ఇతని లీవ్ మీద సంతకం. ఖలాస్."

భాయ్ "ఓకే సార్" అనబోయాడు. నేను మోకాలితో అతని మోకాలిని తట్టాను. ఎదుటివాడు చెప్పిన మొదటి మాటకు తలూపడం మా ఇంటావంటా లేదు.

"సార్, అందులో శుక్రవారం, శనివారం ఉన్నాయి" అన్నాను.

"ఉంటే?"

"ఆ రెండు రోజులు ఆఫీసు మూత. సర్వర్ నిద్రపోతూ ఉంటుంది. నిద్రపోయేవాడి బీపీ చూపించి బాగుందంటే క్లయింటు ఒప్పుకుంటాడా? నిండా పని ఉన్న రోజులు చూపిద్దాం సార్. వచ్చే ఆదివారం నుంచి గురువారం దాకా. ఈ వారం మాకు మరమ్మతుకు వదిలేయండి, లెక్కలోకి తీసుకోవద్దు."

నా మనసులో ఉన్నది వేరు. శుక్ర, శనివారాలు గదిలో పడుకోవచ్చు, కాపలా తప్పుతుంది. ఈ వారమంతా తీరుబడిగా, ఆదివారం రద్దీని కూడా తట్టుకునేలా బాగు చేసుకోవచ్చు. చూపించాల్సిన రోజులు కూడా తగ్గుతాయి. మూడు వైపులా లాభం.

"మంచి పాయింటు. డన్" అన్నాడు మేనేజర్ వెంటనే.

వెంటనే! అక్కడే నాకు అనుమానం రావాలి. మా నాన్న బతికుంటే ఆ గదిలోనే నా చెవి మెలేసేవాడు. అవతలివాడు బుర్ర గోక్కోకుండా ఒప్పుకున్నాడంటే వాడికి కావలసింది నువ్వే చేతిలో పెట్టావని అర్థం. కానీ నేను గెలిచిన మత్తులో ఉన్నాను. బయటికి రాగానే భాయ్ అడిగాడు.

"సేఠ్, శనివారం అయితే ఇంకా జల్దీ అయ్యేది గద?"

"నాలుగైదు రోజులు ఆలస్యమైతే ఏమైతది భాయ్? డాక్టర్ చెప్పిన తారీఖుకు ఇంకా టైముంది గద. పక్కా బేరం చేసిన, పరేషాన్ గాకు."

"నీ బేరం అంటేనే నాకు ఆ మూత యాదికొస్తది."

మర్నాడు కంపెనీ బండిలో దుఖాన్ వెళ్ళాను. ఆ దారి నాకు కంఠతా వచ్చు. అల్ షహానియా దగ్గర ఒంటెలు బరువైన అడుగులతో రోడ్డు దాటుతుంటే బండ్లన్నీ ఆగుతాయి. వాటిని తోలే మన దేశం కుర్రాళ్ళు ముఖాలకు గుడ్డలు చుట్టుకుని వెనక నడుస్తారు. తర్వాత రెండు పక్కలా ఏమీ లేని నేల. ఎండ అద్దాల మీద కూర్చుని మనతోపాటే వస్తుంది. దూరం నుంచి కూడా సర్వర్‌ను బాగు చేయొచ్చు. కానీ తెర మీద బాగు చేస్తే మేనేజర్‌కు నమ్మకం కలగదు. మనిషి వెళ్ళి దాని ముందు నిలబడి వస్తేనే పని జరిగినట్టు ఆయన లెక్క. గిరాకీ అడిగిన వస్తువు లేదని తెలిసినా మా నాన్న లోపలికి వెళ్ళి ఒకసారి చూసొచ్చేవాడు. అదే ఇది.

అక్కడి మరమ్మతు ఆఫీసులో సూపర్‌వైజర్ సిరిసిల్ల మనిషి. నన్ను చూడగానే నవ్వు.

"ఏందన్నా, మల్ల అచ్చినవ్? మీ కంప్యూటర్‌కు గింకా జరం తగ్గలేదా?"

"తగ్గుతది, మల్ల అస్తది."

"మా కాక గట్లనే ఉండె. అత్తగారింటికి పోవుడు అన్నప్పుడల్లా జరం వచ్చేది. ఏ దినం అస్తదో చూసుకోరాదన్నా!"

నవ్వి ఊరుకున్నాను. ఆ మాటను చెవిలో వేసుకుని ఉంటే ఇంత రాసే పని ఉండేది కాదు.

రోగం ఏమిటో మాకు తెలుసు. సర్వర్‌లో కొలతలన్నిటికీ నంబర్లుంటాయి. ఏ నంబరు మెమరీది, ఏ నంబరు డిస్క్‌ది అని చెప్పే పట్టిక వేరే ఉంటుంది. మా కొట్లో డబ్బాల మీద చీటీలు అతికించి ఉండేవి. ఒకసారి వాన కురిసి, చీటీలన్నీ తడిసి ఊడిపోతే, కందిపప్పు అడిగినవాళ్ళకు మా చిన్నాన్న శనగపప్పు పోశాడు. సరుకు ఎక్కడికీ పోలేదు, చీటీలు పోయాయి. ఇక్కడా అంతే. కొలతలున్నాయి, పట్టిక చెడింది. ప్రోగ్రాం వచ్చి నంబరు అడుగుతుంది, జవాబు రాదు, చదవలేకపోయానని రాసి పోతుంది. పట్టికను మళ్ళీ కట్టించడానికి ఒక చిన్న ఆదేశం చాలు. అది ఇస్తే ఎర్ర గుర్తులు ఆగిపోతాయి. అంతకు ముందు కూడా ఎన్నోసార్లు ఇచ్చాం. మళ్ళీ ఎందుకు చెడుతోందన్నదే తెలియలేదు.

మాకు తెలిసినంతలో నింద మోసింది ఆదివారం రద్దీ. రెండు రోజుల సెలవు తర్వాత అందరూ ఒకేసారి వచ్చి పడతారు. ఇళ్ళ నుంచి ఫిర్యాదులన్నీ ఆ పొద్దునే వస్తాయి. వేసవి తర్వాత ఫిర్యాదుల కోసం కొత్త ప్రోగ్రాం పెట్టారు, అది మోయలేని బరువు. ఆదివారం పొద్దున మా ఆఫీసులో చెడనిదంటూ లేదు. ప్రింటర్ చెడుతుంది, లిఫ్టు చెడుతుంది, మేనేజర్ మూడ్ చెడుతుంది. వాటి మధ్య సర్వర్ చెడడం మాకు వింతగా అనిపించలేదు. మెమరీ పెంచాం. ఆ కొత్త ప్రోగ్రాంను తీసి మళ్ళీ వేశాం. అది అమ్మిన కంపెనీకి రాశాం. వాళ్ళు లాగ్ పంపమన్నారు, పంపాం. ఇంకో లాగ్ పంపమన్నారు, పంపాం. మూడోసారి అడిగాక నేనే ఆపేశాను. బేరం తెగని గిరాకీ ఎలా ఉంటాడో నాకు తెలుసు. వాళ్ళు కొనరు, చూసి పోతారు.

నేను దుఖాన్‌లో పట్టిక కట్టించి వచ్చాక లాగ్ తేటగా ఉంది. మంగళవారం తేట. బుధ, గురువారాలు తేట. శుక్రవారం గదిలో పడుకుని ఫోన్‌లో చూశాను, అద్దంలా ఉంది. శనివారం భాయ్ బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. పిల్లకో పిల్లాడికో తెలియదు కాబట్టి పసుపు రంగు గౌనులు కొన్నాడు. నేను వెంట వెళ్ళాను గానీ బేరమాడొద్దని ముందే ఒట్టు వేయించుకున్నాడు.

మేనేజర్ మొదట అడిగింది సోమవారం నుంచి శనివారం దాకా. మరమ్మతుకు పోయిన సోమవారం పొద్దు తప్ప ఆ రోజులన్నీ ఎర్ర గుర్తు లేకుండా గడిచాయి. ఆ పొద్దు కూడా, ఆదివారం రాత్రే ఇక్కడి నుంచి పట్టిక కట్టిస్తే దక్కేది. నేను నోరు మూసుకుని కూర్చుని ఉంటే శనివారం సాయంత్రానికే సంతకం పడేది.

ఆదివారం పొద్దున లాగ్ తెరిచాను. ఎర్ర గుర్తులు వరుస కట్టి నిలబడ్డాయి.

భాయ్ నా భుజం మీదుగా చూశాడు. అతను తిడితే బాగుండేది. వెళ్ళి తన సీట్లో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి ఎదురు భవనానికేసి చూస్తూ ఉండిపోయాడు. ముందు రోజు రాత్రి అతని భార్య డాక్టర్‌కు చూపించుకుంది. కాన్పు అనుకున్నదాని కంటే ముందే కావచ్చని చెప్పారట. ఆ మాట మేము మెట్రోలో వస్తుంటే చెప్పాడు. అప్పుడు నేను ధీమాగా, "గురువారం సాయంత్రం ఫ్లైట్ ఎక్కుతవ్" అన్నాను.

కాంటీనుకు వెళ్ళి ఇద్దరికీ టీ తెచ్చాను. అతను ముట్టలేదు. నాదీ చల్లారింది. ఆ రోజు నాకు ఆ సర్వర్ మీద కోపం కూడా రాలేదు. ఏళ్ళ తరబడి ఒకే మాట అనే ముసలి బంధువు మీద వచ్చే నీరసం లాంటిదేదో వచ్చింది.

మధ్యాహ్నం మా ఆవిడ ఫోన్ చేసింది. నేను గొంతు తగ్గించి, "డ్యూటీలో ఉన్న, మల్ల మాట్లాడ్త" అన్నాను.

"ఆదివారం గూడ డ్యూటీయేనా?" అంది.

పెళ్ళయిన నాటి నుంచి ప్రతి ఆదివారం ఇదే ప్రశ్న. ప్రతి ఆదివారం నేను ఇదే జవాబు చెబుతాను. ఇక్కడ ఆదివారం సెలవు కాదు, శుక్రవారం సెలవు అని. వెనక నుంచి మా అత్త గొంతు: "దుబాయోళ్ళకు ఆదివారం ఎక్కడిది బిడ్డా!" ఆమెకు ఖతర్ అయినా దుబాయే.

"చెప్పి చెప్పి నోరు నొస్తుందే. ఆదివారం మీకే సెలవు, మాకు గాదు" అన్నాను విసుగ్గా.

"పొరపాటు అయితదయ్యా. పుట్టినకాడి నుంచి ఆదివారమంటే సెలవే గద. నువ్వు పోయిన కొత్తల నీకు గాలేదా?"

ఫోన్ పెట్టేశాక ఆ మాట నాలోనే తిరిగింది. కొత్తలో. వచ్చిన కొత్తలో ఎవరికైనా అవుతుంది. ఆదివారం సెలవని ఒంటికి పట్టి ఉంటుంది. క్యాలెండర్ మారుతుంది గానీ ఒళ్ళు ఒక పట్టాన మారదు.

కుర్చీ జరుపుకుని భాయ్ దగ్గరికి వెళ్ళాను.

"భాయ్, నువ్వు వచ్చిన కొత్తల పాత ఫైళ్ళు తుడిచేటి ఒక పని పెట్టినవ్ గద సర్వర్‌ల?"

"హౌ, పెట్టిన. డిస్క్ నిండుతుండె. ఎందుకు?"

"అది ఏ రోజు నడుస్తది?"

"వారానికి ఒక్కసారి. ఛుట్టీ రోజు పెట్టిన. ఎవరూ లేనప్పుడు…" అంటూనే ఆగిపోయాడు. నా ముఖం చూశాడు. "ఇతవార్" అన్నాడు మెల్లగా. "ఆదివారం పెట్టిన సేఠ్."

సర్వర్‌లో తమంతట తాము నడిచే పనుల జాబితా ఒకటుంది. అది మేము చూడక కాదు. ప్రతిసారీ చూశాం. విఫలమైన పనుల మీదే కన్ను వేశాం. ఇది ప్రతి వారం జయప్రదంగా ముగిసినట్టు పచ్చ గుర్తు పెట్టుకుని కూర్చుంది. పచ్చ గుర్తు ఉన్నవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? తెరిచి చదివితే విషయం తేలింది. అది పాత ఫైళ్ళు తుడిచి, కొలతలు చూసే ప్రోగ్రాంను ఆపి, పట్టికను విప్పి మళ్ళీ కడుతుంది. అంతా శుభ్రంగా ఉండాలని భాయ్ వేసిన జాగ్రత్త అది. ఎవరూ లేని వేళ అయితే ఇబ్బంది లేదు. ఆదివారం పొద్దున అది పట్టిక విప్పే సమయానికి, వేసవి తర్వాత వచ్చిన కొత్త ప్రోగ్రాం నిద్ర లేచి అదే పట్టికలో చెయ్యి పెడుతోంది. ఒక చెయ్యి కడుతుంటే ఇంకో చెయ్యి లాగుతోంది. పట్టిక చిరిగిపోతోంది. కొత్త ప్రోగ్రాం రాకముందు ఆ పొద్దున దాన్ని ముట్టుకునేవాళ్ళు లేరు కాబట్టి ఏళ్ళపాటు ఎవరికీ తెలియలేదు.

భాయ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "నా చేతులతోనే నేను…" అని ఆపేశాడు.

"ఊకో. దొరికింది గద. ఇప్పుడు రోజు మార్చేస్తే ఖతం" అన్నాను.

ఖతం కాదని ఇద్దరికీ తెలుసు. రోజు మార్చి, పట్టిక కట్టి, గుట్టుగా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ అప్పుడు నేను బేరమాడి తెచ్చుకున్న ఒప్పందం ప్రకారం మళ్ళీ వచ్చే ఆదివారం నుంచి గురువారం దాకా ఆగాలి. కాన్పు అప్పటిదాకా ఆగేలా లేదు. సంతకం వెంటనే కావాలంటే, రోగం దొరికిందని, ఇక రాదని మేనేజర్‌కు చెప్పాలి. చెబితే ఎవరు పెట్టారని అడుగుతాడు. భాయ్ కాంట్రాక్టు ఆ ఏడాది చివరికి అయిపోతుంది. నెలల తరబడి క్లయింటు ముందు తల దించుకున్నది ఇతని మూలంగానే అని తెలిస్తే కొత్తది ఇస్తాడో లేదో.

"ఒక పని చేద్దాం" అన్నాను. "అమ్మిన కంపెనీవాళ్ళు పెట్టిన్రని చెప్పుదాం. వాళ్ళేమన్న ఇక్కడున్నరా, వచ్చి కాదనేటందుకు?"

భాయ్ ముట్టని టీ కప్పును బల్ల అంచుకు జరిపాడు.

"సేఠ్, నువ్వు దేంట్లనైనా తూకం పెడ్తవ్" అన్నాడు చివరికి. అందులో వెటకారం లేదు. అలసట ఉంది. "పోయినసారి నేను ఇక్కడ కూసున్న, ఆమె అక్కడ ఒక్కతే ఉండె. ఈసారి ఝూట్ చెప్పి పోతే, విమానంల గూడ అదే ఆలోచిస్త. వాళ్ళు జవాబు రాస్తరు, మనదే అని. అప్పుడు నేను దవాఖానల ఉంట, ఫోన్ వస్తది. నక్కో. ఉన్నదున్నట్టు చెప్త. పోనిస్తే పోత. లేకుంటే లేదు."

మర్నాడు పొద్దున మేనేజర్ గదిలో నిలబడ్డాం. నేను మొదలుపెట్టాను, పట్టిక గురించి, రెండు చేతుల గురించి. ఆయన మధ్యలోనే అడిగాడు.

"ఎవరు పెట్టారు దాన్ని?"

పాత అలవాటుతో నా నోరు ముందే తెరుచుకుంది. భాయ్ నన్ను దాటి ఒక అడుగు ముందుకు వేశాడు.

"నేనే సార్. వచ్చిన మొదటి నెల. ఆదివారం సెలవని పెట్టాను."

మేనేజర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కళ్ళు నలుపుకున్నాడు. ఆయన ముఖం కూడా మా ముఖాల్లాగే ఉందని అప్పుడు చూశాను. నిద్ర చాలని ముఖం.

"నేను వచ్చిన మొదటి నెల" అన్నాడు, "ఒక ఆదివారం పొద్దున లుంగీ కట్టుకుని, మా కేరళ టిఫిను పుట్టు వండుకుని, ప్లేటు ముందు పెట్టుకున్నాను. డైరెక్టర్ ఫోన్. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ఎందుకు అడుగుతున్నాడో తెలియడానికి కాసేపు పట్టింది. అవును సార్, జ్వరం అన్నాను. పుట్టు చేతిలోనే ఉంది."

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి చెప్పలేదు.

"క్లయింటుకు షెడ్యూల్ మార్చామని రాస్తాను. అంతవరకే" అన్నాడు. "ఎక్కడికి మారుస్తారు?"

"శుక్రవారం సార్, నమాజు వేళ. కొత్త ప్రోగ్రాం కూడా ఆ పూట ఆగి ఉంటుంది" అన్నాడు భాయ్.

"సరే. కానీ నమ్మకం కుదిరేదాకా ప్రతి శుక్రవారం ఎవరైనా కూర్చుని చూడాలి. ఇతను ఉండడు. కాబట్టి నువ్వు."

"గదిలోంచి చూస్తాను సార్, ల్యాప్‌టాప్ ఉంది."

"ఆఫీసు నుంచి."

"ఒక వారం వదిలి ఒక వారం?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నాకేసి చూశాడు. నాలుగడుగులు వేయడానికి గదిలో చోటు లేదు. "ప్రతి శుక్రవారం సార్" అన్నాను. ఆయన భాయ్ అర్జీ దగ్గరకు లాక్కుని సంతకం పెట్టాడు. కాంట్రాక్టు మాట ఎత్తలేదు. మంచికో చెడుకో ఆ రోజు ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

భాయ్ మంగళవారం వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టులో నన్ను కావలించుకుని, "శుక్రవారం ఫోన్ చేస్త" అన్నాడు. "నాకు చేసుడెందుకు? ఆమె దగ్గర కూసో" అన్నాను.

శుక్రవారం నేనొక్కణ్ణే ఆఫీసుకు వచ్చాను. ముషైరిబ్ వీధులు అంత ఖాళీగా ఉండడం నేను అంతవరకు చూడలేదు. ఆ వేళకు నేనెప్పుడూ పడుకునే ఉంటాను. అంతస్తంతా చీకటి, నా బల్ల మీద ఒక్క దీపం. బయట మసీదు నుంచి ఖుత్బా ప్రసంగం గాజు గోడల మీదుగా సన్నగా వస్తోంది. తెర మీద తుడిచే పని మొదలైంది. పట్టిక విప్పింది. నేను ఊపిరి బిగబట్టానని చెప్పాలని ఉంది గానీ, నిజానికి ఆవులించాను. పట్టిక కట్టింది. పచ్చ గుర్తు పడింది. ఇప్పుడు పచ్చ గుర్తును నమ్మను కాబట్టి లాగ్ తెరిచాను. కొలతలు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. ఎర్ర గుర్తు లేదు. కాసేపు ఆగి మళ్ళీ చూశాను. లేదు. మేనేజర్‌కు రెండు మాటలు రాసి పంపాను.

ఫోన్ మోగింది. వీడియో కాల్. తెరలో ముందు దవాఖాన పైకప్పు, తర్వాత గోడ, తర్వాత భాయ్ గడ్డం. ఫోన్ పట్టుకోవడం కూడా చేత కావడం లేదు అతనికి.

"సేఠ్! పొద్దున అయింది. బిడ్డ. ఇద్దరూ మంచిగున్నరు. అప్పుడు నేను బయట తలుపు కాడనే ఉన్న. ఏడుపు వినపడ్డది నాకు, తలుపు కాడికి."

ఆడపిల్ల. ఇంకో చేతిలో ఉన్న పాప ముఖం చూపించబోయాడు గానీ గుడ్డల మడతలు తప్ప ఏమీ కనబడలేదు. పసుపు గౌను అంచు కొంచెం కనబడింది. "ముబారక్ భాయ్" అన్నాను.

"సర్వర్ ఎట్లున్నది?" అన్నాడు.

"మంచిగుంది. ఫోన్ పెట్టు, లోపలికి పో."

పెట్టేశాడు. కంప్యూటర్ ఆపి కిందికి దిగాను. మిఠాయి కొని ఎవరికైనా పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియలేదు. కనీసం నేనైనా తినాలి. నమాజు వేళకు కొట్లన్నీ మూసి ఉన్నాయి. మిఠాయి కొట్టు ఎదుట రాతి అరుగు మీద కూర్చున్నాను. ఎండ సగం అరుగు మీదికి వచ్చింది, నేను మిగిలిన సగంలోకి జరిగాను. ఇంకో ఇద్దరు కూలీలు వచ్చి పక్కన కూర్చున్నారు, వాళ్ళూ ఏదో కొనడానికే. ఎప్పుడు తెరుస్తారని ఒకతను హిందీలో అడిగాడు. నమాజు అయ్యాక అన్నాను. చెప్పులు విప్పి, కాళ్ళు చాచి, కళ్ళు మూసుకున్నాను.